మంత్రపు ముక్క

ఉపాధ్యాయుని బల్లసొరుగు ఒక చిన్న వస్తుప్రదర్శనశాల వంటిది. ఇరువది సంవత్సరములకు పైగా మేము పాఠములు చెప్పుచున్నాము. ఈ కాలములో మా సొరుగులోనికి బొంగరములు, గోలీలు, రబ్బరు బంతులు, క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మలు, ఒకమారు ప్రాణముతోనున్న తొండపిల్ల కూడ వచ్చి చేరినవి. సంవత్సరాంతమున ఎవరి వస్తువును వారికిచ్చివేయుట మా అలవాటు. తొండపిల్లను మాత్రము ఆ దినముననే విడిచితిమి. గత విద్యాసంవత్సరమున ఆ సొరుగున చేరిన ఒక కట్ట మమ్ము మా వృత్తిని గూర్చి మరల ఆలోచింపజేసినది. ఆ సంగతిని మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుట మా విధియని తలచి యిది వ్రాయుచున్నాము.

అది డిసెంబరు మాసము. క్రిస్మసు సెలవులకు ఇంక నాలుగు దినములు మాత్రమే యుండెను. మధ్యాహ్న విరామమున మేము వసారాలో నడచుచుండగా, తొమ్మిదవ తరగతి బాలురిద్దరు స్తంభము చాటున కూర్చుండి యుండిరి. వారి నడుమ నేలపై రంగురంగుల ముక్కలు పరచియుండెను. ఒకడు ఒక ముక్కను చేతబట్టి, “నీ ఎలుగుబంటిపై పిడుగు మంత్రము వేయుచున్నాను” అనెను. రెండవవాడు ఏదో చెప్పబోవునంతలో మా నీడ వారిపై బడెను.

మా బాల్యమున పేక యను మాట వినబడినచో మా తల్లిగారు ముఖము త్రిప్పుకొనెడివారు. మంత్రమను మాట వినబడినచో మా తండ్రిగారు ప్రార్థనకు మోకరించెడివారు. అట్టి యింట పెరిగిన మాకు పేకముక్కయు మంత్రమును ఒక్కచోటనే కనబడినవి. ఇక ఆలోచనకు తావేది? ఆ ఆట తెచ్చిన బాలుడు మా తరగతి నాయకుడు. వాడు లేచి నిలిచి, “మాస్టారూ, ఒక్క మాట—” అనెను. “ఒక్క మాటయు వలదు” అంటిమి. ముక్కలన్నియు ప్రోగుచేసి తీసికొంటిమి. పిమ్మటి గంటలో వానిని తరగతి యెదుట నిలువబెట్టి, జూదమాడువాడు నాయకుడుగా నుండదగడని చెప్పి, ఆ పదవిని వేరొకనికిచ్చితిమి. ఇదియంతయు రెండు నిమిషములలో ముగిసెను. గొప్ప కర్తవ్యమును నెరవేర్చితిమను తృప్తితో సెలవులకు పోయితిమి.

జనవరిలో బడి తెరచిన తరువాత ఆ బాలుడు వేళకు వచ్చుచుండెను, చక్కగా వ్రాయుచుండెను. కాని ప్రశ్న వేసినప్పుడు చేయి యెత్తుట మానివేసెను. లేచిన చేతులకన్న లేవని చేతులను గమనింపవలెనని శిక్షణ కళాశాలలో మాకు బోధించియుండిరి. ఆ బోధ అప్పుడప్పుడు మా మనస్సులో మెదలుచుండెను గాని, దాని కారణము మేమేయని తోచలేదు.

ఒకనాటి సాయంకాలము సొరుగులో ఎఱ్ఱసిరా కలము వెదకుచుండగా ఆ కట్ట చేతికి తగిలినది. ఊరక త్రిప్పి చూచితిమి. మేము ఆంగ్లము బోధించువారము గనుక బొమ్మలకన్న ముందుగా మాటలపై దృష్టి పోయినది. ఒక ముక్కపై ఎఱ్ఱని పిడుగు బొమ్మ కలదు. దాని క్రింద ఒక్కటే వాక్యము. కర్త, క్రియ, కర్మము, సంఖ్య: ఇంతకు మించి ఒక మాట లేదు. మరియొక ముక్కపై “ఈ వంతు ముగియువరకు” అను అవధి స్పష్టముగా వ్రాయబడియుండెను. మా విద్యార్థుల వ్యాసములలో మేము కోరి కోరి కానలేకపోయిన క్లుప్తత అందు కనబడెను. ఇది ఏమి మంత్రమో తెలిసికొనవలెనని కుతూహలము పుట్టి, శనివారము మధ్యాహ్నమున ఆ బాలుని పిలిపించితిమి.

వాడు భయముతోనే వచ్చెను. “నాయనా, ఈ ఆట మాకు నేర్పుము” అంటిమి. వాడు మా ముఖము వంక చూచి, ఇది పరిహాసము కాదని నిశ్చయించుకొనిన పిమ్మట బల్లపై ముక్కలు పరచెను. ఆనాడు వానివలన వినినదియు, పిమ్మట మేము చదివి తెలిసికొనినదియు కలిపి ఈ క్రింద చెప్పుచున్నాము.

ఈ ఆట పేరు మ్యాజిక్: ద గ్యాదరింగ్. దీనిని కల్పించిన రిచర్డు గార్‌ఫీల్డుగారు మాంత్రికుడు గాడు, గణితశాస్త్రజ్ఞుడు. అమెరికా దేశమందు వాషింగ్టను రాష్ట్రమున వాలావాలా అను పట్టణములోని విట్‌మన్ కళాశాలలో గణితము బోధించినవాడు. 1993వ సంవత్సరమున అదే రాష్ట్రమునకు చెందిన విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అను సంస్థ దీనిని ప్రకటించెను. మొదటి ముద్రణలో 295 విధములైన ముక్కలుండెను. నేడవి వేలకొలది పెరిగినవి. మన పేకలో ఏబదిరెండు ముక్కలు అందరికిని ఒక్కటే. ఇందట్లు గాదు. ప్రతివాడును తనకిష్టమైన ముక్కలను ఏరి కనీసము 60 ముక్కల కట్టను తానే కూర్చుకొనును. సామాన్యమైన భూమి ముక్కలు తప్ప, ఒకే పేరుగల ముక్క నాలుగింటికి మించి యుండరాదు. ఇద్దరికిని చెరి 20 ప్రాణాంకములుండును. ఎవని యంకములు సున్నకు దిగునో వాడోడిపోవును.

మంత్రమునకు వెల యుండునని మొదట తెలిసికొనవలెను. భూములు అయిదు విధములు: మైదానము, ద్వీపము, బురదనేల, పర్వతము, అడవి. వంతునకు ఒక్క భూమినే పరచుటకు సెలవు. భూమి ముక్కను అడ్డముగా త్రిప్పినచో దానినుండి ‘మానా’ యను శక్తి ఒక పాలు లభించును. పర్వతము ఎఱ్ఱని శక్తినిచ్చును, అడవి ఆకుపచ్చని శక్తిని, ద్వీపము నీలిశక్తిని ఇచ్చును. ఒకమారు త్రిప్పిన భూమి మరల తన వంతు వచ్చువరకు పనికిరాదు. కావున ఆటగాడు తన చేతిలోని మంత్రములను మాత్రమే గాక, తనకు మిగిలియున్న శక్తిని కూడ ఎల్లప్పుడు లెక్కించుకొనుచుండవలెను. జీతము వచ్చిన దినముననే ఖర్చుచేసి మాసాంతమున చేతులు నలుపుకొనువాడు ఈ ఆటలో నెగ్గలేడు.

ఇక మంత్రపు ముక్కలలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. మొదటిది సార్సరీ. దీనిని తన వంతులో, అదియును వేరొక పని నడుమ లేనప్పుడు మాత్రమే ప్రయోగింపవలెను. ఎదుటివాని భూమిని ఒకదానిని నాశనముచేయు స్టోన్ రైన్, అనగా రాళ్లవాన, ఈ జాతిది. దాని వెల మూడు పాళ్ల శక్తి. రెండవది ఇన్‌స్టంట్. దీనిని ఎదుటివాని వంతులో సైతము, అతని మాటకు అడ్డుగా ప్రయోగింపవచ్చును. లైట్నింగ్ బోల్ట్ అను పిడుగు ఈ జాతిది. ఒక్క పాలు ఎఱ్ఱని శక్తి చెల్లించినచో, కోరిన ప్రాణికి గాని, ఆటగానికి గాని 3 అంకముల దెబ్బ తగులును. పని ముగిసిన మంత్రపు ముక్క బల్లపై నిలువక శ్మశానమని పిలువబడు పారవేసిన ముక్కల గుట్టలో చేరును.

“అయితే పిడుగు వేసినచో ఎలుగుబంటి చచ్చినట్లే గదా?” అని యడిగితిమి. గ్రిజ్లీ బేర్స్ అను ఆ ముక్కపై 2/2 అని యుండెను. మొదటి యంకె దాని బలము, రెండవది దాని ఓర్పు. రెండు ఓర్పుగల ప్రాణికి మూడు దెబ్బలు తగిలిన ఏమి మిగులును?

బాలుడు నవ్వెను. డిసెంబరు తరువాత మేము చూచిన మొదటి నవ్వదియే. “లేదు, మాస్టారూ. మంత్రము పలికినంతమాత్రమున జరుగదు. ముందది దొంతరలో చేరును” అనెను.

ఈ దొంతరయే ఆటకంతకును ఆయువుపట్టు. మా వసతిగృహపు భోజనశాలలో కడిగిన పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్తురు. కడపట పెట్టిన పళ్లెమే మొదట చేతికి వచ్చును. మంత్రములును అట్లే. ఒకడు పిడుగును ప్రకటించి వెల చెల్లించును. అది దొంతరలో కూర్చుండునే గాని ఇంకను పని చేయదు. ఇప్పుడు ఎదుటివానికి బదులు చెప్పు అవకాశమీయవలెను. వానికి శక్తియు తగిన ముక్కయు నున్నచో తన మంత్రమును పిడుగుపై పేర్చును. మరల మొదటివానికి అవకాశము కలుగును. ఇద్దరును వరుసగా “ఇక నాకేమియు లేదు” అని ఊరకున్నప్పుడే అన్నిటికన్న పైనున్న మంత్రము ఫలించును. ఆ పిమ్మట దాని క్రిందిది ఫలింపకముందు మరల ఇద్దరికిని అవకాశము కలుగును. ఈ దొంతర పద్ధతి 1999వ సంవత్సరమున ఆరవ కూర్పుతో వచ్చిన నియమములలో స్థిరపడినదట.

దీనిని బాలుడు ఎలుగుబంటితోనే చేసి చూపెను. ఒకడు పిడుగు వేసెను. ఎలుగుబంటి యజమానుడు ఊరకుండక, ఒక్క పాలు ఆకుపచ్చని శక్తితో జెయంట్ గ్రోత్ అను మంత్రమును పైన పేర్చెను. అది ప్రాణికి ఆ వంతు ముగియువరకు మూడు బలమును, మూడు ఓర్పును చేర్చును. పైది ముందు ఫలించును గనుక ఎలుగుబంటి 5/5 అయ్యెను. ఆ తరువాత పిడుగు పడి మూడు దెబ్బలు తగిలినను అది బ్రతికెను.

“ఇప్పుడు వరుస మార్చెదను, చూడుడు” అని వాడు ముక్కలను మరల సర్దెను. ఈమారు ఎలుగుబంటి యజమానుడు ఆశపడి తానే ముందుగా జెయంట్ గ్రోత్‌ను ప్రకటించెను. ఎదుటివాడు దానిపై పిడుగును పేర్చెను. పైనున్న పిడుగు ముందు పడినది. ఇంకను 2/2గానే యున్న ఎలుగుబంటి చచ్చినది. క్రిందనున్న పెంపుమంత్రమునకు గుఱియే లేకపోయెను. గుఱి లేని మంత్రము ఫలింపక శ్మశానమునకు పోవును. చెల్లించిన శక్తి తిరిగిరాదు. అవే రెండు మంత్రములు, అదే ఎలుగుబంటి. వరుస మాత్రమే మారినది. ఒకచోట ప్రాణము నిలిచినది, వేరొకచోట పోయినది.

మాకొక సందేహము కలిగెను. “అబ్బాయీ, మొదటి ఆటలో ఎలుగుబంటి బ్రతికినదంటివి. కాని వంతు ముగియగానే పెంపు పోవును గదా. మరల 2/2 అగును. మూడు దెబ్బలు దాని మేనిపై నున్నవే. అప్పుడు చావవలదా?”

వాడు కన్నులు పెద్దవి చేసి, “మాస్టారూ, మంచి ప్రశ్న అడిగితిరి” అనెను. ఇరువది సంవత్సరములుగా మేము బాలురతో ననుచున్న మాటను మాతో ఒక బాలుడనుట అదియే ప్రథమము. వాడు చెప్పిన సమాధానమిది: వంతు ముగియు సమయమున పెంపు పోవుటయు దెబ్బలు మానుటయు ఒక్క క్షణముననే జరుగును. ఒకటి ముందు, ఒకటి వెనుక కాదు. కావున దానికి ప్రాణభయము లేదు. ఇంత సూక్ష్మమును సైతము నియమములలో వ్రాసియుంచిరి. ఆ నియమగ్రంథము రెండు వందల పుటలకు మించినది. అయినను దానిలో మొదటి సూత్రములలో నొకటి యిది: ముక్కపైనున్న మాటయు సామాన్య నియమమును విరోధించినచో ముక్కపైని మాటయే చెల్లును. మరియొకటి: ఒక మాట చేయవచ్చుననియు, ఒక మాట చేయరాదనియు చెప్పినచో చేయరాదన్నదే నెగ్గును. వ్యాకరణమున సామాన్యసూత్రమును విశేషసూత్రము బాధించుననుట మేమును చదువుకొనినదే. ఆడుకొను బాలురు దానిని ఆటలోనే గ్రహించుచున్నారు.

మంత్రమను మాటకు మేమేల బెదరితిమా యని అప్పుడు విచారించితిమి. ఆంగ్లమున దీనిని ‘స్పెల్’ అందురు. ప్రాచీనాంగ్లమున ఆ మాటకు పలుకు, కథ, వార్త యని యర్థము. సువార్తకు ఆంగ్లమున వాడు ‘గాస్పెల్’ అను పేరును ‘మంచి’, ‘వార్త’ అను రెండు మాటల కలయికయే. ఆ రెండవ మాట ఈ స్పెల్లే. ప్రతి ఆదివారమును మేము పలుకు మాటలోనిదే మా సొరుగులో ఖైదుగా నుండెను. ఈ ముక్కపైని మంత్రము ఏ శక్తిని పిలుచునదియు గాదు. అది నియమములకు లోబడిన ఒక పలుకు మాత్రమే.

కడపట వాడొక నీలిరంగు ముక్కను తీసి చూపెను. దాని పేరు కౌంటర్‌స్పెల్, అనగా ప్రతిమంత్రము. రెండు పాళ్ల నీలిశక్తి దాని వెల. దొంతరలోనున్న ఏ మంత్రమునైనను అది రద్దుచేయును. రద్దయిన మంత్రము ఫలము లేకయే శ్మశానమునకు పోవును. ప్రతిమంత్రమును సైతము మరియొక ప్రతిమంత్రముతో రద్దుచేయవచ్చును. “అయితే ఈ ముక్క యున్నవానికి భయమే లేదు గదా” అంటిమి.

“ఉన్నది, మాస్టారూ. మంత్రము దొంతరలో నున్నంతవరకే దానిని ఆపగలము. ఫలించిపోయిన తరువాత ఏ ప్రతిమంత్రమును పనికిరాదు. అందుచేతనే మంచి ఆటగాడు మంత్రము వేసి, ఎదుటివాని వైపు చూచి, ‘బదులున్నదా?’ అని యడిగి ఆగును. ఆగకుండ ముక్కలు తీసివేసిన, అది ఆట కాదు” అనెను.

వాడు మమ్ము ఎత్తిపొడువవలెనని యనలేదు. వాని దృష్టి ముక్కలపైననే యుండెను. కాని మాకు వసారాలోని స్తంభమును, “మాస్టారూ, ఒక్క మాట” అను పలుకును, మేమిచ్చిన సమాధానమును జ్ఞప్తికి వచ్చినవి. మేమును ఒక మంత్రము వేసితిమి. బదులున్నదా యని యడుగలేదు. ఎదుటివాడు నోరు తెరచినను మూయించితిమి. రెండు నిమిషములలో అది ఫలించిపోయెను.

కొంతసేపు మేము మాటలాడలేదు. పిమ్మట, “ఆనాడు నీవు చెప్పదలచిన ఆ ఒక్క మాట యేమి?” అని యడిగితిమి.

వాడు ముక్కలను సర్దుచు మెల్లగా చెప్పెను. అవి వాని సొంతము గావట. అమెరికాలో సియాటిల్ నగర ప్రాంతమున నుద్యోగము చేయు పెదతండ్రి కుటుంబము సెలవులకు వచ్చినప్పుడు, వారి కుమారుడు రెండు దినములకు ఎరువిచ్చినవట. పందెమేమియు లేదు, ఊరక ఆటయే యని కూడ చెప్పదలచెనట. జనవరి మొదటి వారమున ఆ అన్న తిరిగి వెళ్లునప్పుడు ముక్కలడుగగా, ఎక్కడనో పారవేసికొంటినని వీడు చెప్పెనట. ఇంట చీవాట్లు తినెనట. అన్నగారు పలుకకయే విమానమెక్కెనట.

“మాస్టారు తీసికొనిరని చెప్పకపోతివా?” అంటిమి.

“చెప్పినచో నేను జూదమాడితినని మీరన్న సంగతి కూడ చెప్పవలసివచ్చును. నాన్నగారు బడికి వచ్చి మీతో తగవు పడుదురేమోనని చెప్పలేదు” అనెను.

మేము అబద్ధమాడరాదని వానికి చాలమారులు బోధించితిమి. ఆనాడు ఆ బోధ మా నోట రాలేదు. వాని అబద్ధమునకు తలుపు తెరచినది మేమే. నిజము చెప్పుటకు ఒక నిమిషమిచ్చియున్నచో ఇదియంతయు జరుగకపోవును.

సోమవారమున తరగతి యెదుట, ఏ స్థలమున వానిని నిలువబెట్టితిమో ఆ స్థలముననే మేము నిలిచి, వాడు జూదమాడలేదనియు, విచారింపక శిక్షించుట మా దోషమనియు చెప్పి, క్షమింపుమని కోరితిమి. పదవిని తిరిగి యిచ్చుట మాత్రము తేలికగాలేదు. నడుమ నాయకుడైన బాలుడు ఏ తప్పును చేసినవాడు గాడు. ఒక అన్యాయమును సరిచేయుటకు మరియొక అన్యాయము చేయరాదు గదా. ఆ చిక్కును వారిద్దరే తీర్చిరి. వారమునకొకరు చొప్పున పని చేయుదుమనిరి. ముక్కలను గట్టి పెట్టెలో భద్రపరచి, మా చేతివ్రాతతో ఒక ఉత్తరము జతచేసి, మా ఖర్చుతో సియాటిల్‌కు పంపితిమి. వాని తండ్రిగారి యింటికి స్వయముగా వెళ్లి జరిగినది చెప్పితిమి. ఆయన చాలసేపు మౌనముగా నుండి, టీ తెప్పించిరి. ఇవి యన్నియు మేము చేయగలిగినవి. వాడు ఇంట తినిన చీవాట్లను వెనుకకు తీయుట మా వలన కాలేదు. ఫలించిన మంత్రమునకు ప్రతిమంత్రము లేదని వాడే చెప్పెను గదా.

ఇంత చెప్పినందున ఈ ఆటను మేము ప్రోత్సహించుచున్నామని తలిదండ్రులు భావింపకుందురు గాక. ఇందును దోషములు కలవు. తొలి నియమములలో చెరియొక ముక్కను పందెముగా నొడ్డు పద్ధతి యుండెను. అది తరువాత ఆచరణనుండి తొలగినది. కాని ముక్కలను మూసిన పొట్లములుగా అమ్ముట నేటికిని కలదు. లోపల నేమున్నదో కొన్నపిమ్మటగాని తెలియదు. అరుదైన ముక్క వచ్చునను ఆశ బాలురచేత పొట్లము వెంట పొట్లము కొనిపించును. ఈ విషయమున పెద్దలు జాగ్రత్త వహింపవలసినదే. పాఠపు వేళలలో ఈ ముక్కలు కనబడినచో ఇప్పటికిని మా సొరుగు తెరచియే యుండును.

కాని తెరచుటకు ముందు ఒక మాట అడుగుచున్నాము. చేయి చాచి, ఆగి, “బదులున్నదా?” అని యడుగుచున్నాము. బాలురు మొదట నవ్విరి. ఇప్పుడు అలవాటు పడిరి. పలుమారులు వారియొద్ద బదులుండదు. తల వంచుకొని వస్తువును ఇచ్చివేయుదురు. కొన్నిమారులు ఉండును. అప్పుడు వినుటకు అర నిమిషము పట్టును. అంతకన్న నెక్కువ కాలము పట్టిన సందర్భము మాకింతవరకు తటస్థింపలేదు.

ఫిబ్రవరి నెలలో ఒకనాడు క్రియావిశేషణములను బోధించుచు ఒక ప్రశ్న వేసితిమి. మూడవ బల్ల చివర నొక చేయి, పూర్తిగా గాక, భుజము వరకు లేచినది. మేము చూచితిమి. మరియొకరి వైపు తిరుగక, ఆ చేయి యింకను పైకి లేచువరకు ఆగితిమి.